ఏడో ఆకు

మా వీధి చివరి ఇంట్లో అద్దెకు దిగిన డాక్టరు కాకినాడ వైపు మనిషి. మా తాతలు చెరకు కోతకు ఓడెక్కి వచ్చిన ఈ జూలూల దేశంలో, తెల్లవాళ్ళ పాలన పోయి మాకందరికీ ఓటు వచ్చాక ఉద్యోగానికి వచ్చినవాడు. ఆదివారాలు నా వరండాలో కూర్చుని మా అరిగిపోయిన తెలుగు వినడం ఆయనకు సరదా. మొన్న టీ ఇచ్చాను. కప్పు అందుకోబోయి ఆగాడు.

"తాతగారూ, మీరెప్పుడూ కప్పును అడుగున పట్టుకుని, పిడి ఎదుటివాళ్ళ వైపు తిప్పి ఇస్తారు. చెయ్యి కాలదా?"

కాలుతుంది. ఆ అలవాటు నాది కాదు. ఈ చలికాలానికి ముందు పోయిన ఒక మనిషిది. డాక్టరుకు ఆయన సంగతి కొంత చెప్పాను. రాయమన్నాడు. నేను మూడో క్లాసు దాటలేదు. తెలుగు అక్షరాలు క్యాలెండర్ల మీదా గుడి కరపత్రాల మీదా చూసి నాకు నేనే నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆయన పేరు మాత్రం రాయను. రాయాల్సినవాళ్ళు రాయి మీద రాయలేదు. నేను కాగితం మీద రాసి వాళ్ళ తప్పు సర్దిపెట్టను.

మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరకు మిల్లువాళ్ళు కూలీలకిచ్చిన వరస గదుల బారక్సులో ఆయన్ని అందరూ ఏరోప్లేన్ మామ అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఆయన భార్యకే ఉండేది. ఆమెను నేను అత్తా అనేవాణ్ణి, ఆయన్ని మావా అనేవాణ్ణి. రక్తసంబంధం ఏమీ లేదు. రెండు గదుల మధ్య రేకు గోడ ఒకటే ఉంటే వరసలు వాటంతటవే కలుస్తాయి.

సన్నటి మనిషి. భుజాలు ముందుకు వంచి, నడిచేటప్పుడు కూడా స్టీరింగ్ పట్టుకున్నట్టే నడిచేవాడు. మిల్లుకు చెరకు లారీ తోలేవాడు. నేను అదే మిల్లులో ఫిట్టర్ల దగ్గర పని చేసేవాణ్ణి. పైన విమానం పోతే చాలు, లారీ ఆపేసేవాడు. ఇంజను కట్టేసి, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వినేవాడు. "అన్నీ తిరుగుతున్నాయి" అని, ఇంజన్లు లెక్కపెట్టుకున్నట్టు, తనలో తను అనుకుని అప్పుడు మళ్ళీ స్టార్టు చేసేవాడు. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడితే కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏట్రా నీ తొందర? చెరుకేమైనా ఎగిరిపోద్దా?" అనేవాడు.

ఆయన ముందు ఎవరూ 'వెళ్తాను' అనకూడదు. 'వెళ్ళొస్తాను' అనాలి. ఇంగ్లీషులో పుట్టి పెరిగిన మా పిల్లలకు ఆ తేడా ఏం తెలుస్తుంది? 'బై అంకుల్' అని పరుగెత్తేవాళ్ళు. వాళ్ళను గేటు దాకా తరుముకుపోయి మాట అనిపించుకుని వదిలేవాడు. మా మనవరాలికి తెలుగులో వచ్చిన మొదటి మాట 'వెళ్ళొస్తాను'. దాని తరువాత పెద్దగా రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆయనకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. మనవాళ్ళకు తుపాకీ ఇచ్చేవాళ్ళు కాదు. తెల్లవాడి యుద్ధంలో తెల్లవాడి పక్కన చావవచ్చు గానీ తుపాకీ పట్టుకుని చావకూడదు. "పామును కొట్టడానికి కర్ర కూడా ఇయ్యలేదు అల్లుడూ" అనేవాడు. ఇటలీలో ఒక బాంబరు విమానాల మైదానంలో లారీ ఇచ్చారు. సాయంత్రం ఒక విమానం తాలూకు మనుషులను గుడారాల దగ్గర ఎక్కించుకుని విమానం దాకా దింపాలి. తెల్లవారి దిగాక అక్కడి నుంచే వెనక్కు తీసుకురావాలి. అంతే పని. టీ ఆయన పని కాదు, తనే నెత్తిన పెట్టుకున్నాడు. వంటవాళ్ళను బతిమాలి డ్రమ్ము నింపుకుని, ఎక్కేముందు ఒక్కొక్కరికీ కప్పు అందించేవాడు. వాళ్ళ చేతులకు లావుపాటి తోలు తొడుగులు. వేళ్ళు వంగవు. అందుకని కాలే కప్పును తను అడుగున పట్టుకుని, పిడి వాళ్ళ వైపు తిప్పేవాడు.

వాళ్ళు ఏడుగురు. వాళ్ళ పేర్లు ఆయనకు తెలియవు. ఆయన పేరు వాళ్ళకు అక్కర్లేదు. ఇక్కడి తెల్లవాళ్ళకు ఇండియన్ మగవాడెవడైనా 'సామీ'యే. విమానం నడిపే స్కిప్పర్ లారీ తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, పోనీయమనేవాడు. మ్యాపులవాడు దారంతా ఈల వేసేవాడు. వైర్‌లెస్‌వాడు పచ్చి ఉల్లిపాయ కొరుక్కు తినేవాడు, పక్కవాళ్ళు తిట్టేవాళ్ళు. విమానం తోకలో తుపాకీ దగ్గర ఒంటరిగా కూర్చునేవాడు అందరికన్నా చిన్నవాడు. చక్కెర ఎక్కువ వేయించుకుని అందరి తరువాత తాగేవాడు. మామ వాణ్ణి 'తోకోడు' అనేవాడు. మిగతా ముగ్గురి గురించీ ఇలాగే ఏదో ఒకటి చెప్పేవాడు, ఎప్పుడు చెప్పినా అదే మాటల్లో.

ఒక తెల్లవారుజామున మిగతా విమానాలు వచ్చాయి, వాళ్ళది రాలేదు. మామ లారీ ఇంజను కట్టకుండా అక్కడే కూర్చున్నాడు. టీ చల్లారింది. ఎండ ముదిరాక ఒక సార్జెంటు వచ్చి, "పెట్రోలు తగలేస్తున్నావు సామీ, తీయి" అన్నాడు. మరునాటికి వేరే ఏడుగురిని ఇచ్చారు. పాతవాళ్ళు ఏమయ్యారని అడిగితే, "నీకెందుకు?" అన్నారు. లారీ తోలేవాడికి జవాబు చెప్పే అలవాటు వాళ్ళకు లేదు. ఆయనకు తెలిసింది ఒక్కటే. ఏడుగురినీ తన చేతులతో తీసుకెళ్ళి దింపాడు, మళ్ళీ ఎక్కించుకోలేదు.

పెద్దల అమావాస్యకు మా బారక్సులో ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ళ పేరున అరిటాకు వేసి దీపం పెడతారు. బతికి ఉండగా ఎవరికి ఏది ఇష్టమో అదే వడ్డిస్తారు. చేపల పులుసు తినేవాడికి చేపల పులుసు. చుట్ట తాగేవాడికి చుట్ట, నిప్పుపెట్టెతో సహా. మామ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది ఇంట్లో తల్లికీ తండ్రికీ వేసి, తరువాత పెరట్లో కుళాయి పక్కన ఇంకో ఏడు ఆకులు వేశాడు. వాళ్ళు తినే డబ్బా మాంసం గొడ్డుది కనుక దాని బదులు టిన్ ఫిష్ పెట్టాడు. ఒక ఆకులో ఉల్లిపాయ, ఇంకోదాంట్లో సిగరెట్టు, అన్నిటి పక్కనా డబ్బాపాల టీ, పిడి అవతలివైపుకు.

అత్త ఊరుకోలేదు. గోడ ఇవతల నాకు ప్రతి మాటా వినబడేది.

"బతికున్న దొర మన లైనులోకి అడుగెట్టడు. సచ్చినోడు మన కుళాయికాడ కూకుని తింటాడా?"

"ఆకలైతే తింటాడు."

"ఆడికి టిన్ ఫిష్షా? ఆడి అమ్మ సూస్తే నిన్ను సంపుతాది."

"వాళ్ళమ్మ ఏం పెట్టేదో నాకు తెల్దు. నేనిచ్చింది తాగినారు. నేను పెడతాను. తుల."

తుల అంటే ఇక్కడి జూలూ భాషలో నోరు ముయ్యమని. అత్త నోరు ముయ్యలేదు. కానీ మరుసటి ఏడాది ఆ ఏడు ఆకులూ ఆవిడే కడిగి తుడిచి ఇచ్చింది. మీ తోకోడికి చక్కెర ఎక్కువెయ్యి అని తనే గుర్తు చేసేది. పోయేదాకా అంతే.

నాకు కోపం వచ్చింది చాలా కాలం తరువాత. మా అన్నది నది పక్కన కూరగాయల తోట. అది తెల్లవాళ్ళ ప్రాంతమని చట్టం చేసి, ఇల్లూ తోటా ఖాళీ చేయించారు. పండిన వంకాయలు కోసుకునే గడువు కూడా ఇవ్వలేదు. అన్న ఆ దిగులుతోనే మంచం పట్టాడు. ఆ ఏడాది అమావాస్యనాడు పెరట్లోకి వెళ్ళి చూస్తే మామ యథాప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని దొరలకు వడ్డిస్తున్నాడు. నేను ఆగలేకపోయాను.

"మన ఇళ్ళు లాక్కున్నోళ్ళకి పెరట్లో విందు పెడుతున్నావా మావా? సిగ్గు లేదా?"

ఆయన చేతిలో గరిటె ఆగలేదు. "ఆ చట్టం రాసినోళ్ళు ఎవరు అల్లుడూ?"

"ఇంకెవరు, తెల్లోళ్ళు."

"తిరిగొచ్చినోళ్ళు రాసినారు. ఈళ్ళు తిరిగి రాలేదు." స్కిప్పర్ ఆకులో మెతుకులు సర్ది, "నీ కోపం పట్టుకెళ్ళి తిరిగొచ్చినోళ్ళ మీద పెట్టుకో. ఈళ్ళని తిననీ" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ఏళ్ళ తరబడి తోచలేదు. అంత కోపంలోనూ ఆ మాట నాకు న్యాయంగానే కనబడేది. దాని మీదే నేను ఆ ఏడుగురినీ క్షమించాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మొదటి ఓటు వేసిన మరుసటి ఏడాది, యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన సందర్భమని, ఎస్ట్‌కోర్ట్‌లో బాంబరు విమానాల్లో పోయిన ఆ ప్రాంతపు కుర్రాళ్ళకు రాయి నిలబెట్టారు. మామ చెప్పే స్కిప్పర్ అక్కడివాడేనట, అతనితో పోయినవాళ్ళ పేర్లూ ఆ రాయి మీదే చెక్కారట. కొత్త దేశం కదా, అన్ని రంగుల ముసలివాళ్ళూ ఫొటోలో ఉండాలి. ఎవరో వెతికి మామను పట్టుకున్నారు. అప్పటికి అత్త లేదు. మామ ఒంటరిగా ఉంటున్నాడు. ఆయనకు ఒకటే కోరిక. "ఇన్నేళ్ళూ కుళాయికాడ పెట్టినాను. ఒక్క పాలి ఆళ్ళ ఊళ్ళో, ఆళ్ళ రాయికాడ ఆకులేస్తే సాలు. తరవాత పోయినా పర్లేదు." అందుకోసం రెండు రోజులు వండాడు. తలకు రంగు కూడా వేసుకున్నాడు.

నా కారులోనే తీసుకెళ్ళాను. ఒళ్ళో క్యారేజీ, చంకలో అరిటాకుల చుట్ట, కాళ్ళ మధ్య ఫ్లాస్కు. చొక్కాకు మెడల్. టోపీ పెట్టుకున్న ఒక తెల్లావిడ ఎదురొచ్చి చాలా మర్యాదగా మాట్లాడింది. మామను ఒక జూలూ ముసలాయన పక్కనా, ఒక తెల్ల ముసలాయన పక్కనా నిలబెట్టి ఫొటో తీయించింది. ఆకుల సంగతి అడిగితే, "ఎంత అందమైన ఆచారం. రాయికి మాత్రం నూనె అంటకుండా చూడండి, పాలిష్ కొత్తది" అంది. రాయికి దూరంగా గడ్డిలో చోటు చూపించింది. ఆ జూలూ ముసలాయనా యుద్ధంలో సామాను మోసినవాడే. మామ ఆకులు పరుస్తుంటే చూసి, "మాకూ ఉంది, మేము పెద్దలకు బీరు పోస్తాము" అన్నాడు. అక్కడ విషయం అర్థమైనవాడు ఆయనొక్కడే.

మామ ఏడు ఆకులూ వేసి, వడ్డించి, ఏడు కప్పుల్లో టీ పోసి, పిడులు తిప్పాడు. అప్పుడే మైకులో సభ అధ్యక్షుడు ఒక పెద్దమనిషిని పిలిచాడు. మామ స్కిప్పర్ పేరు చెప్పి, ఆయన విమానంలోనే వెనక తుపాకీ దగ్గర ఉన్న మనిషి, పారాషూట్‌తో దూకి, రైతుల ఇళ్ళలో దాక్కుని బతికి బయటపడ్డ ఏకైక మనిషి, మన ఎస్ట్‌కోర్ట్ వాసి అన్నాడు. లావుపాటి ముసలాయన చేతికర్రతో మెట్లెక్కాడు.

మామకు ఇంగ్లీషు బాగా వచ్చు. అయినా నన్ను అడిగాడు. "ఏటన్నాడు?"

"తోకలో కూర్చున్నవాడట. బతికే ఉన్నాడు మావా."

మామ సంతోషిస్తాడనుకున్నాను. కాదు. ఏడో ఆకు ఎదుట నిలబడి, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, చేతులు చాచి అడ్డం పెట్టాడు, స్టేజీ మీద నుంచి ఆ మనిషికి కనబడకుండా. బతికున్నవాడు తన చావు ఆకు చూడకూడదు. మా వాళ్ళలో అంతకన్నా చెడ్డ శకునం లేదు. "తియ్యి అల్లుడూ, తియ్యి, మడిచెయ్యి" అంటున్నాడు, తను మాత్రం కదలకుండా.

నేను ఆ ఆకు మడిచి క్యారేజీ వెనక దాచాను. టీ కప్పు అక్కడే ఉండిపోయింది.

ప్రసంగం అయ్యాక ఆ మనిషి చేతికర్ర పొడుచుకుంటూ మా వైపే వచ్చాడు. మామ ఆయన కాళ్ళ ముందు వంగబోయాడు. నేను రెక్క పట్టి ఆపాను.

"సార్, డ్రైవర్ని సార్. లారీ. టీ."

ఆయన చాలాసేపు చూశాడు. "సామీ? టీ సామీవా?"

"అవును సార్. తప్పు చేసినాను సార్. మీకు ఏటేటా చావు కూడు పెట్టినాను. తెలీక పెట్టినాను."

ఆయనకు సగమే అర్థమైంది. మామ భుజం తట్టి, "పరవాలేదు, పరవాలేదు. నాకేం కాలేదు కదా" అన్నాడు. తరువాత కిందకు చూశాడు. ఈలవాడి ఆకు, ఉల్లిపాయ ఉన్న ఆకు. ఉల్లిపాయ దగ్గర ఆయన చూపు ఆగింది. నోరు వంకరపోయింది. జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. ఏడ్చాడనే అనాలి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మామ ఏడో కప్పు పారబోసి, ఫ్లాస్కులోంచి వేడివేడిగా మళ్ళీ పోసి, పిడి తిప్పి అందించాడు. ఆయన అంచు పట్టుకుని అందుకున్నాడు. ఒక్క గుక్క తాగి, "చక్కెర మానేశాను, డాక్టర్లు వద్దన్నారు" అని కప్పు గడ్డిలో పెట్టాడు.

అప్పుడు నేను అడిగాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా పోగుచేసుకుని అడిగాను. "సార్, మీరు ఇక్కడే ఉన్నారు. మేము మూడు గంటల దూరంలో ఉన్నాము. మీరు బతికి ఉన్నట్టు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

ఆయన కనుబొమలు ముడిచి నిజాయితీగా ఆలోచించాడు. "ఎవరికి?" అన్నాడు.

వెటకారం కాదు. తిట్టినా నాకు ఇంత మంట ఉండేది కాదు. ఎవరికి చెప్పాలో ఆయనకు నిజంగా తెలియదు.

తిరుగు దారిలో మూయీ నది దాటుతుండగా మామ ఒళ్ళో క్యారేజీ సర్దుకున్నాడు. తరువాత అన్నాడు. "ఇన్నేళ్ళూ ఆణ్ణి సంపుతా ఉన్నాను అల్లుడూ."

"చంపడమేమిటి? ఎంత లావున్నాడో చూడలేదా? నీ టిన్ ఫిష్ బాగానే పట్టింది."

నవ్వలేదు. నాకు నవ్వించాలనీ లేదు. ఎన్నో ఏళ్ళుగా తోచని జవాబు దొరికిందని లోపల ఉడుకుతున్నాను. "తిరిగొచ్చినోళ్ళే చట్టాలు రాశారన్నావు. ఇదిగో, ఒకడు తిరిగొచ్చాడు. వచ్చి, వాళ్ళకే ఓటేసి, మన పక్కనే హాయిగా బతికాడు. ఇప్పుడు చెప్పు."

మామ కిటికీ అద్దం దించాడు. "అవును. ఆడు తిరిగొచ్చినోడే. ఆడి సంగతి నువ్వు సూసుకో. మిగతా ఆరుగురి జోలికి రాకు" అన్నాడు.

ఆ ఏడాది అమావాస్యకు కుళాయి పక్కన ఆరు ఆకులే వేశాడు. ఏడో ఆకు ఉండే చోట నేల ఊడ్చి, నీళ్ళు చల్లి వదిలేశాడు. బతికున్నవాడి ఆయుష్షు తగ్గించిన పాపం తనదని, గుళ్ళో ఆ మనిషి పేరు మీద దీపం పెట్టించబోయాడట. పూజారి పేరు అడిగాడు. మామ 'తోకోడు' అన్నాడు. మైకులో పేరు చదివారు, నేను విన్నాను. మామ మనసులో మాత్రం ఆ పేరు ఆ మనిషికి అతకలేదు.

మరుసటి ఏడాది ఇంగ్లీషు పేపర్లో ఆ మనిషి చనిపోయిన వార్త పడింది. పేపరు పట్టుకెళ్ళి మామకు చూపించాను. ఇక ఆ బెంగ తీరుతుందని. ఆయన ఫొటోను వేలితో తడిమి, "ఈడికి ఎవరు పెడతారు?" అన్నాడు.

"కొడుకులున్నారు, మనవలున్నారు, పొలం ఉంది. పెద్ద పెద్ద పూలదండలు పెడతారు."

"పువ్వులు తినరు కదా."

"మావా, ఆయన తిరిగొచ్చినవాడు. నువ్వే ఒప్పుకున్నావు. నాకు వదిలేశానన్నావు."

"వదిలేసినాను. నీ కొట్లాట నువ్వు కొట్టుకో. కానీ ఇంక ఆడూ తిరిగి రాడు కదరా."

ఆ ఏడాది మళ్ళీ ఏడు ఆకులు. వడ్డించడం అయ్యాక నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన కూతురు దూరాన మార్‌బర్గ్‌లో ఉంది, చర్చికి వెళుతుంది, ఆకులు వేయదు. "నా తరవాత నువ్వెయ్యి. ఏడూ ఎయ్యాలి. ఒకటి తగ్గినా ఆళ్ళు లారీ ఎక్కరు. ఏడుగురూ వస్తేనే స్కిప్పర్ తలుపు కొడతాడు."

"ఆరుగురికి వేస్తాను."

"ఏడు" అన్నాడు. మణికట్టు వదలలేదు. నేను మాట ఇవ్వలేదు.

చెరకు కోతలు మొదలుకాకముందే పోయాడు. ఆస్పత్రి మంచం మీద, పైన విమానం పోతుంటే తల పక్కకు వంచి విన్నాడు. ఏమీ అనలేదు. నేను 'వెళ్ళొస్తాను మావా' అని బయటకు వచ్చాను, తెల్లవారి వెళ్ళేసరికి మంచం ఖాళీ. ఆ టోపీ ఆవిడకు నేనే కబురు చేశాను. ఎవరూ రాలేదు. ఎస్ట్‌కోర్ట్ రాయి మీద ఆ విమానం వాళ్ళ పేర్లున్నాయి. వాళ్ళను ఆఖరిసారి దించి, తెల్లవారి ఎండ ముదిరేదాకా ఎదురుచూసిన మనిషి పేరు లేదు. ఆయన చచ్చింది యుద్ధంలో కాదు కదా అంటారు. ఎదురుచూపు ఎంతకాలం సాగితే యుద్ధం ముగిసినట్టో నాకెవరైనా చెప్పాలి.

ఆయన పోగానే బారక్సులు పడగొట్టేశారు. ఆ కుళాయి ఉన్న చోట ఇప్పుడు గోల్ఫ్ ఆడటానికి పచ్చిక పరిచారు, చుట్టూ కంచె, గేటు దగ్గర పేరు అడిగే కాపలావాడు. మొన్నటి పెద్దల అమావాస్యకు, నేను ఎప్పుడో మారిన పక్క ఊరు ఫీనిక్స్‌లో మా ఇంటి వెనకే ఆకులు వేశాను. మామకు బయట కాదు, లోపల, మా నాన్న పక్కన వేశాను. పెరట్లో స్కిప్పర్‌కు వేశాను, ఈలవాడికి వేశాను, ఉల్లిపాయవాడికి ఉల్లిపాయ పెట్టాను. ఆరు కప్పులకూ పిడులు అవతలికి తిప్పాను. అరచెయ్యి కాలింది.

ఏడో ఆకు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. టీ చల్లారిపోతోందని మా మనవరాలు లోపలి నుంచి కేక వేసింది.

వేశాను. అన్నం పెట్టాను, చేప పెట్టాను. టీలో చక్కెర ఎక్కువే వేశాను. కప్పు పిడి మాత్రం నా వైపే ఉంచాను. కావలిస్తే ఆయనే తిప్పుకుంటాడు.